బాణం మొండికేసిన పొద్దు

ప్రొద్దుటూరులో మేడమీది గదిలో పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేయడం నా పని. ఫోటోలు పాత డిస్కులో పట్టక, వేగంగా పనిచేసే కొత్త హార్డ్‌డిస్కు కొన్నాను. ఆ వారం నుంచే నా వైర్‌లెస్ మౌస్‌కు పిచ్చి పట్టింది. తెర మీద బాణం నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది, ఉన్నట్టుండి ఎగిరి ఏ మూలకో పడేది. బ్యాటరీ మార్చాను. కొత్త మౌస్ కొన్నాను. అదీ అంతే. మా ఆవిడ చెప్పిందని టేబుల్‌ను తూర్పుకు కూడా తిప్పాను.

అలాంటి ఒక పొద్దున పులివెందుల నుంచి ఓ కొత్త పెళ్లికూతురు ఫోటోలు ఎంచుకోవడానికి వచ్చింది. తోడుగా వాళ్ల జేజి, అంటే నాయనమ్మ. పెళ్లికూతురు తలంబ్రాల ఫోటో చూపించి, "అది తీయన్నా" అంది. మౌస్ కదిపాను. బాణం కదల్లేదు. గట్టిగా లాగేసరికి ఒక్క దూకు దూకింది. నోరంతా తెరిచి లడ్డు తింటున్న జేజి తెర నిండా ప్రత్యక్షమైంది. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ లడ్డే.

"ఏందప్పా, పెండ్లి దానిదా, నాదా?" అంది జేజి.

పెళ్లికూతురు చున్నీ నోట్లో కుక్కుకుంది. జమ్మలమడుగులో కంప్యూటర్లు బాగుచేసే స్నేహితుడికి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి సంగతి చెప్పాను.

"మామా, మౌస్‌తో వచ్చిన చిన్న రిసీవర్ యాడ గుచ్చినావు?"

"కొత్త డిస్కు వైరు పక్కనే."

"అదే తప్పు. డిస్కు పనిచేసేటప్పుడు ఆడ శానా రేడియో గోల పుడతాది. ఆ గోలలో మౌస్ చెప్పేది రిసీవర్‌కు ఇనపడదు. పొడుగు వైరు తగిలిచ్చి దూరం జరుపు."

సొరుగంతా వెతికితే పాత నెట్ డాంగిల్‌తో వచ్చిన వైరు దొరికింది. ఒక కొస కంప్యూటర్‌కు, ఇంకో కొస రిసీవర్‌కు తగిలించాను. రిసీవర్ తాను పట్టుకుంటానని జేజి లేచింది.

"ఈడ పెడితే?" అంటూ డిస్కు పక్కకు తెచ్చింది.

"నిలబడిపాయ జేజీ!" అంది మనవరాలు.

మూరెడు దూరం జరిపి, "ఈడ?"

"పోతాంది! పోతాంది!"

జేజికి సరదా పుట్టింది. దగ్గరికి తెస్తే ఆగడం, దూరం తీస్తే పరుగెత్తడం. నేను మౌస్ తిప్పుతూ, ఆమె రిసీవర్ ఊపుతూ, పకపకా నవ్వులు. నవ్వలేక ఆమె కుర్చీలో కూలబడింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.

ఫోన్‌లో స్నేహితుడు కంగారుగా, "ఏమైందప్పా? ఎవరు ఏడుస్తాండేది?" అన్నాడు.

"ఏడుపు కాదు మామా, నగుతాండాం!"

రిసీవర్‌ను మౌస్ పక్కనే టేబుల్ అంచుకు టేపుతో అంటించాను. బాణం చెప్పినట్టు విన్నది. మధ్యాహ్నానికి ఫోటోలన్నీ ఎంచుకున్నారు. ఇద్దరినీ ఆటో ఎక్కించి వచ్చి, పనేమీ లేకపోయినా బాణాన్ని తెరంతా గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాను.

మా ఆవిడ అన్నం తెచ్చి, "ఏం చేస్తాండావు?" అంది.

మౌస్ ఆమె చేతికిచ్చాను. ఒక చుట్టు తిప్పింది. నావైపు చూసి ఇంకో చుట్టు తిప్పింది. అన్నం చల్లారిపోయింది.