పండగ వెళ్లాక మార్చాల్సిన లైను

నగ్లా రాసిన ప్రోగ్రామ్ లైబ్రరీ ఒకటుందని అలెగ్జాండ్రియాలో పట్టుమని పదిమందికి కూడా తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. ఆమె పనిచేసే కంపెనీకి ఊళ్లో పద్దెనిమిది మందుల షాపులున్నాయి. ఏ షాపులో మందు పేరు కొట్టినా ఆ మాటను మోసుకుపోయి ముహర్రమ్ బే పేటలో ఉన్న గోదాములోని సర్వర్‌కి అప్పజెప్పి, జవాబు పట్టుకొచ్చేది ఆ లైబ్రరీయే. ఎనిమిదేళ్ల కిందట రెండో కూతురు కడుపులో ఉండగా రాసింది.

అందులో ఒక ముక్క గురించి ఆమెకు లోలోపల గర్వం. సర్వర్ తలుపు తట్టగానే నువ్వెవరని అడుగుతుంది. జవాబు చెప్పే పద్ధతులు కొన్ని ఉన్నాయి. బేసిక్ అనేది అన్నిటికన్నా తేలిక, పేరూ పాస్‌వర్డూ పంపేయడమే. అక్షరాలు కాస్త అటూ ఇటూ మారతాయి గానీ, అది కవరు లేని కార్డు మీద రాసి పోస్టు చేసినట్టే. డైజెస్ట్ అనే పద్ధతిలో పాస్‌వర్డ్ గడప దాటదు. పాస్‌వర్డ్ తెలిసినవాళ్లే చేయగల లెక్క ఒకటి సర్వర్ ఇస్తుంది, దాని జవాబు మాత్రమే వెళుతుంది. నగ్లా లైబ్రరీ ముందు తనేమీ బయటపెట్టకుండా, నీకు ఏయే పద్ధతులు వచ్చని సర్వర్‌నే అడిగి, వాటిలో గట్టిదాన్ని ఎంచుకునేది.

మూడేళ్ల కిందట రంజాన్ నెలలో కంపెనీ సర్వర్ మార్చింది. పెట్టినవాళ్లు పెట్టి చేతులు దులుపుకుని వెళ్లారు. ఆ సాయంత్రం, ఉపవాసం విడవడానికి ఇంకా నలభై నిమిషాలుందనగా, పద్దెనిమిది షాపులూ ఆగిపోయాయి. మేనేజర్ షవ్‌కత్ ఆమె బల్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా తల్లీ, జనం ఇన్సులిన్ కోసం నిలబడి నన్ను తిడుతున్నారు. ఏదో ఒకటి చెయ్యి."

"సర్వర్ డైజెస్ట్ వచ్చంటోంది సార్, తీరా చూస్తే లెక్క తప్పు చేస్తోంది. బేసిక్ ఒక్కటే నడుస్తోంది. అది పెడితే పాస్‌వర్డ్‌లన్నీ బజారున పడతాయి. షాపు నుంచి సర్వర్‌కి మాట వెళ్లే దారికి తాళం కూడా వెయ్యలేదు వాళ్లు."

"రంజాన్‌లో ఎవడు చూస్తాడమ్మా? అందరి కళ్లూ సూర్యుడి మీదే. పెట్టేయ్. పండగ వెళ్లాక మారుద్దాం."

నగ్లాకు నవ్వొచ్చింది. సర్వర్‌ని అడగడం మానేసి బేసిక్ ఒక్కటే వాడమని ఒక లైను రాసి, బ్యాగు తగిలించుకుని ట్రామ్ అందుకుంది.

మా దగ్గర ఆ నెలలో ఏ పనికైనా ఒకటే జవాబు. కుళాయి కారుతోందన్నా, పెళ్లి మాటలన్నా పండగ వెళ్లాకే. పండగ వెళుతుంది, కుళాయి కారుతూనే ఉంటుంది. అది మాకు సిగ్గూ కాదు, వింతా కాదు. ఆ పండగ వెళ్లింది, తర్వాత బక్రీద్ వెళ్లింది, మరో రెండు రంజాన్లు వెళ్లాయి. లైను అక్కడే ఉంది.

గోదాములో బిషారా స్టోర్‌కీపర్. ఇరవై ఏడేళ్ల సర్వీసు. క్రైస్తవుడైనా రంజాన్ పగళ్లలో ఎవరి ఎదుటా మంచినీళ్లు కూడా తాగని మనిషి. బయట మత్తు కోసం దొంగచాటుగా అమ్ముకునే రకం నొప్పి మాత్రలు ఆయన పాస్‌వర్డ్ కొట్టనిదే గోదాము దాటవు. మంగళవారాలు షాపులన్నీ తిరిగి సరుకు చూసేవాడు. అక్కడ పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఎడంచేయి కీబోర్డుకి అడ్డం పెట్టుకునేవాడు.

"ఏంటి బాబాయ్, బ్యాంకు దోచేస్తున్నావా?" అని కౌంటర్లో వాళ్లు ఏడిపించేవారు.

"నవ్వండి, నవ్వండి. కట్టుకున్నదానికి కూడా చెప్పొద్దంది మన నగ్లా ఇంజినీరమ్మ. ఇంతవరకూ చెప్పలా."

ఈ ఫిబ్రవరిలో ఆయన పేరు మీద మూడువందల నలభై డబ్బాల మాత్రలు గోదాము దాటాయి. ఎక్కడికి వెళ్లాయో ఎవరికీ తెలియదు. బిషారాని ఇంటి దగ్గర కూర్చోబెట్టి కంపెనీ విచారణ వేసింది. పాస్‌వర్డ్ ఆయనది, ఆయన తప్ప ఇంకెవరు?

కబురు విన్నప్పుడే నగ్లాకు ఆ లైను గుర్తొచ్చింది. మర్నాడు లాప్‌టాప్ తీసుకుని ఒక షాపుకి వెళ్లి, జనం కూర్చునే బెంచీ మీద కూర్చుంది. జనానికి ఇచ్చిన వైఫై, కౌంటర్ కంప్యూటరు ఒకే నెట్‌వర్క్ మీద ఉన్నాయి. ఐదు నిమిషాలు పట్టలేదు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి పాస్‌వర్డ్ నగ్లా తెర మీద కనబడింది. ఏ మంగళవారమో ఎవడో ఇలాంటి బెంచీ మీదే ఇలాగే కూర్చుని ఉంటాడు. ముసలాయన చెయ్యి అడ్డం పెట్టుకుని కాపాడుకున్నదాన్ని తన లైను వెనకనుంచి వాడి చేతికి అందించింది.

నేరుగా షవ్‌కత్ దగ్గరికి వెళ్లి చెప్పింది. అతను లేచి తలుపు మూశాడు.

"ప్రోగ్రామ్‌లో ఆ లైను పక్కన, రాసినవాళ్లుగా ఎవరి పేరుందమ్మా?"

"నాదే. మీరే కదా సార్ పెట్టమన్నది!"

"నేను నోటితో అన్నాను, నువ్వు చేత్తో రాశావ్. నీ ఇంట్లో జీతం తెచ్చేది నువ్వొక్కదానివే కదా? ముందెళ్లి దాన్ని మార్చు. మిగతాది తర్వాత ఆలోచిద్దాం."

మార్చింది. మళ్లీ సర్వర్‌నే అడగమని రాసింది. సర్వర్ డైజెస్ట్ అంది, లెక్క సరిగ్గా చేసింది. సర్వర్ ఎప్పుడో బాగుపడింది. మూడేళ్లలో ఏ పూటైనా పది నిమిషాలు కూర్చుని ఉంటే ఇదంతా జరిగేది కాదు. నగ్లా మొహం కప్పుకుని ఏడ్చింది. ఆ ఏడుపులో సగం బిషారా కోసం, సగం తన కోసం. ఏ సగం పెద్దదో ఆమెకు తెలుసు.

విచారణ మూడో అంతస్తులో జరిగింది. బల్లకి అటు ముగ్గురు, ఇటు గోడవారగా బిషారా, ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని కూర్చున్నాడు. ఆమె లోపలికి రాగానే ఆయన మొహం విప్పారింది.

"ఇంజినీరమ్మా," కంపెనీ లాయరు అడిగాడు, "ఈయన ఎవరికీ చెప్పలేదంటున్నాడు. చెప్పకుండా ఆ పాస్‌వర్డ్ ఇంకొకరికి తెలిసే దారి మీ ప్రోగ్రామ్‌లో ఎప్పుడైనా ఉందా?"

ఇంటి అద్దె, పిల్లల బడి, షవ్‌కత్ మూసిన తలుపు ఒక్కసారిగా నగ్లా కళ్లముందు తిరిగాయి.

"లేదండీ," అంది. "ఆయన చెబితే తప్ప తెలియదు."

పావుగంటలో తేల్చేశారు. ఉద్యోగం పోయింది, కేసు పోలీసులకు వెళుతుంది. మెట్ల దగ్గర వెనకనుంచి పిలుపు వినబడింది. తిట్టడానికే అనుకుంది నగ్లా. తిడితే బాగుండును అనిపించింది.

"ఒక్క మాట, ఇంజినీరమ్మా." బిషారా ఆయాసపడుతూ దిగి వచ్చాడు. "నువ్వలా చెప్పేదాకా నా తప్పేమీ లేదనే అనుకున్నా. నువ్వు అబద్ధం చెప్పే మనిషివి కావు. మరైతే నేనే ఎవరికో చెప్పుంటా కదా? ఎంత తల బద్దలు కొట్టుకున్నా గుర్తు రావట్లా."

నగ్లా బ్యాగు పట్టీ సర్దుకుంది.

"మా ఆవిడ అంటూనే ఉంది, ఈమధ్య మరుపు ఎక్కువైంది నీకని. నేనే కొట్టిపారేశా." కోటు గుండీ పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "మా నాన్నకీ ఆఖర్లో అలాగే మొదలైంది. డాక్టరుకి చూపించుకోమంటావా, అమ్మా?"

నగ్లా రెయిలింగ్ పట్టుకుని ఒక మెట్టు కిందికి దిగింది.

"చూపించుకోండి, బాబాయ్," అంది.