పూజగదిలో పోర్టు సీసా

మా పెదనాన్న మొన్న శుక్రవారం పొద్దున పోయాడు. ఫ్రెంచివాళ్లు ఏలే మా అరవ ఊళ్లో, బజారులో గుడ్డల కొట్లన్నీ ఒక పూట మూశారు. చూడవచ్చినవాళ్లలో సగంమంది నా చెవిలో అడిగిన మాట ఒక్కటే: “ఆ సీసా ఇంక ఎవురికి పోతుంది?” నిండు జీవితం బతికి ఆయన సంపాదించుకున్న పేరు అదీ.

మా తాత ఒక బుడతకీచు, అంటే పోర్చుగీసు, ఓడ కప్తానుకు నీలం గుడ్డ అమ్మితే, ఆ కప్తాను సంతోషించి తన దేశపు తియ్యటి ద్రాక్షసారాయి, దొరలు పోర్టు అనేది, ఒక సీసా ఇచ్చి పోయాడు. మాది సారాయి వాసన తగిలితే తలస్నానం చేసే వైశ్యుల ఇల్లు. పారేయడానికి ప్రాణం ఒప్పలేదు, తాగడానికి కులం ఒప్పలేదు. అందుకని పూజగదిలో పెట్టారు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటారే! మా తాత పాపం ఒక్క చుక్క తాగనైనా లేదు. అయినా పెదనాన్న మూతి చూపించుకుంటూ ఊరంతా తిరిగాడు.

విజయదశమికి కొట్లోని గజంబద్దతోపాటు సీసాకూ పసుపూ కుంకుమా పడేవి. వచ్చినవాళ్ల ముందు దాన్ని గిలక్కొట్టి, దీపానికి ఎదురుగా పట్టి, “చూడండి రంగు! మా వంశం ఎట్టాంటిదో ఇందులో కనిపిస్తుంది” అనేవాడు. గుడ్డ కొనవచ్చిన ఒక ఫ్రెంచి దొర అది చూసి, దీన్ని పడుకోబెట్టాలి, నిలబెడితే బిరడా ఎండి లోపలిది చెడిపోతుంది అని వచ్చీరాని అరవంలో చెప్పాడు.

“దేవుడి ముందర పడుకోబెట్టేదానికి అదేమన్నా పీనుగా దొరా?” అన్నాడు పెదనాన్న. ఆ జవాబును ఏళ్ల తరబడి అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది ఆయనే. ఈ ఊళ్లో మన తెలుగువాళ్లలో చాలామందికి మాట తప్ప రాత రాదు. ఆ రుణం ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను. కాబట్టే అబద్ధం రాయలేను.

ఏళ్ల కిందట పెద్దమ్మకు పురిట్లో రక్తమంతా పోయి మనిషి తెల్లబడింది. రోజూ కాస్త పోర్టు పట్టండి, బలం వస్తుంది అన్నాడు ఆసుపత్రి డాక్టరు.

“బావగారూ, మనింట్లోనే ఉంది గదా” అని మా అమ్మ బతిమాలింది.

“మా నాయన ఇచ్చి పోయినదాన్ని ఆడదాని నీరసానికి పోసేస్తానా?”

“పోనీ, దొరల వీధిలో కొనుక్కోని రాండి.”

“నేను సారాయంగడి మెట్లెక్కితే నలుగురు ఏమనుకుంటారు?”

ఛీ! సారాయిని దేవుడి పక్కన పెట్టి పూజించినన్నాళ్లూ రాని సిగ్గు, పెళ్లానికి మందు తేవాల్సి వచ్చేసరికి పొడుచుకొచ్చింది. పెద్దమ్మకు పాలు ఇంకిపోయాయి. పుట్టిన ఆడపిల్ల పక్కింటావిడ పాలమీద కొన్నాళ్లుండి కన్నుమూసింది. మళ్లీ ఆమెకు కడుపు పండలేదు. సీసాకు మాత్రం ఏటా కుంకుమ తప్పలేదు.

శుక్రవారం ఆయన్ని నట్టింట పడుకోబెట్టాం. తలాపున పెట్టాల్సిన ఇత్తడి దీపం చిలుమెక్కి ఉంది. పెద్దమ్మ లేచి పూజగదిలోంచి సీసా తెచ్చింది. వేలు తగలగానే బిరడా పొడిపొడిగా రాలింది. గదంతా పుల్లటి కంపు కొట్టింది. ఆమె సీసాను ముక్కు దగ్గర పెట్టుకుని, ఆయన ముఖంలోకి చూసింది.

“ఇదా నాకు ఇయ్యకుండా దాచిపెట్టినారు?”

తరువాత సీసా నా చేతికిచ్చింది. “చింతపండు యాడ వెతుకుతావులే తల్లీ. కాస్త ఉప్పేసి దీంతోనే తోము.”

తోమాను. ఆ దీపం అంతగా మెరవడం నేనెన్నడూ చూడలేదు. వత్తి వెలిగించి తలాపున పెట్టాం. పెద్దమ్మ ఖాళీ సీసాను తీసుకుని, ఆయన పక్కనే పడుకోబెట్టింది.