నా సున్నాలు దిద్దిన వదిన

మా వదిన పోయింది. బడిలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతూ బోర్డు దగ్గరే కూలబడిందట. తలలో నరం చిట్లిందన్నారు. ఆసుపత్రికి చేర్చేసరికే అయిపోయింది. అన్నయ్య ఫోన్ చేసి, "ఒసే, మీ వదిన మరి లేదే" అన్నాడు.

ఆ మాట విన్న క్షణంలో నా మనసులోకి ఏమొచ్చిందో చెప్పకపోతే ఈ నాలుగు ముక్కలు రాయడం దండగ. 'ఇంక ఆమె థీసిస్ రాదు' అనుకున్నాను. అనుకుని, లోపలెక్కడో నిమ్మళించాను. ఛీ, ఏం మనిషిని నేను! ఏడుపు ఆ తర్వాత వచ్చింది. చాలా వచ్చింది. కానీ ముందొచ్చింది అది కాదు.

మాకు విజయనగరంలో స్టీలు సామాన్ల కొట్టు ఉంది. వదినది నౌపడ దగ్గర పల్లె. ఉప్పుమళ్లకు వెళ్లే దారిలో వాళ్ల నాన్నకు చిన్న కిరాణా కొట్టుండేది. వయసులో నాకంటే ఏడాది చిన్నది, వరసకు పెద్దది. కాపురానికి వచ్చేటప్పటికే లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి ఉంది. నేనప్పటికే పీహెచ్‌డీలో చేరాను. సామాజిక శాస్త్రాల్లో గణాంక పద్ధతులు నా చదువు. మనుషుల్ని ప్రశ్నలడిగి, వాళ్ల జవాబుల్ని అంకెలుగా మార్చి, ఆ అంకెల్ని బట్టి సమాజం ఎలా నడుస్తోందో తేల్చడం. మా చుట్టాల్లో అది ఒక్కరికీ అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోవడమే నాకు గొప్పగా ఉండేది.

వదిన వచ్చిన నెల తిరక్కుండానే ఆ గొప్ప కాస్తా పోయింది. ఒకరోజు వంటింట్లో అమ్మ, "దీని సదువేటో నాకు ఎప్పటికీ తెలీదమ్మా" అంది. వదిన గరిటె తిప్పుతూ, "ఏటీ నేదత్తా. అన్నం ఉడికిందా నేదా అని రెండు మెతుకులు పట్టుకు సూత్తాం గదా, అదే. ఏ రెండు మెతుకులు పట్టుకోవాలన్నదే సదువు" అంది. అమ్మ నావైపు తిరిగి, "ఇంతేనేటే? దీనికి ఇన్నేళ్లా?" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా మాస్టారు క్లాసులో రెండు వారాలు చెప్పిన పాఠం అది.

జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకుని, అదే పెన్సిల్ కోసం ఇల్లంతా వెతికే మనిషి. రైలెక్కితే మరమరాల పొట్లం విప్పి పెట్టె మొత్తానికీ పంచేది. నవ్విందంటే వీధి చివరి కొట్టుదాకా వినపడేది. బడి నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి ఆరోజు పిల్లలు చేసిన తప్పుల్ని వరసగా చెప్పేది. ఏ పిల్లాడు తప్పు చేసినా, "ఆడు ఎలాగ ఆలోసించేడో సూడు" అని మురిసిపోయేది. ఒప్పు చేసిన పిల్లల సంగతి ఎప్పుడూ చెప్పగా వినలేదు.

నా సర్వే వాళ్ల ఊరి చుట్టుపక్కలే. తీరప్రాంతంలో ఏ ఇళ్ల ఆడవాళ్లు పనికి వెళ్తారు, ఏ ఇళ్ల వాళ్లు వెళ్లరు, ఎందుకు అనేది నా అంశం. వదిన పుట్టింట్లో దిగి ఇల్లిల్లూ తిరిగాను. సెలవులు కాబట్టి ఆమె కూడా మంచినీళ్ల సీసా పట్టుకుని వెంట వచ్చింది. నా కాగితంలో మొదటి ప్రశ్న, "మీరు పని చేస్తున్నారా?" అవునంటే ఒకటి, కాదంటే సున్నా. ఉప్పు ఊళ్లలో ఏ ఆడమనిషిని అడిగినా, "నాకేటి పనమ్మా, మా ఇంటాయన ఎనకాల ఎల్తాను" అనేవారు. నేను సున్నా వేసేదాన్ని. వరసగా సున్నాలు పడుతుంటే నాకు సంబరంగా ఉండేది. అంత స్పష్టమైన ఫలితం ఎంతమందికి దొరుకుతుంది!

మూడోరోజు వదిన నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. "ఏటి రాత్తన్నావు ఆడబిడ్డా? సున్నా ఏటి?"

"పని చెయ్యనని ఆవిడే చెప్పింది కదా వదినా."

"ఎనకాల ఎల్తానంది. ఎల్లి ఏటి సేత్తాదో అడిగేవా? ఇక్కడ మడి జతకి ఇత్తారు. మొగుడూ పెళ్లామూ ఒక జత. పేరు మొగుడిది. అందుకే ఆళ్లు పని అనరు, ఎనకాల ఎల్లడం అంటారు." అని, నన్ను పక్కకు నెట్టి ఆ మనిషినే అడిగింది. "పిన్నీ, నిన్న పొద్దున్న లేసి ఏటేటి సేసేవో సెప్పు."

ఆ పిన్ని చెప్పడం మొదలుపెట్టింది. తెల్లారకముందే మళ్లకు వెళ్లిందట. మడిలో నీళ్లు సరిచూసి, కర్ర పలకతో ఉప్పు లాగి, గంపలకెత్తి గట్టు మీదకు మోసిందట. ఎండెక్కాక ఇంటికొచ్చి వండి, మళ్లీ వెళ్లి మోసిందట. చెప్పీ చెప్పీ చివర్లో, "ఇంతే, పనేటీ నేదు" అంది.

నిన్న ఏం చేశావని అడిగే ఆ పద్ధతి నాకు తెలియక కాదు. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ గుమ్మం ముందు నాకు తోచలేదు, ఆమెకు తోచింది. "రెస్పాండెంటు చెప్పిందే రాయాలి, మన ఊహలు రాయకూడదు. అది పద్ధతి" అన్నాను. మిగిలిన ఇళ్లన్నీ పంతానికి అలాగే పూర్తి చేశాను. ఊరూరా సున్నాలే.

తర్వాత మా గైడు మాస్టారు ఇంటికొచ్చినప్పుడు, కాఫీ ఇస్తూ వదిన ఈ సంగతి చెప్పేసింది. చాడీ కాదు, ఆమెకు కడుపులో మాట ఆగదు. మాస్టారు కప్పు కింద పెట్టేశారు. నాతో, "నీకు గడువు దగ్గరపడింది. పరిమితుల్లో ఒక వాక్యం రాసెయ్" అన్నారు. ఆమెతో, "అమ్మా, నువ్వెందుకు చేరకూడదు? ఇది ఇంకో థీసిస్" అన్నారు. ఆరేళ్లలో నన్ను ఆయన ఒక్కసారీ అలా చూడలేదు. ఆ రోజు నుంచీ నేను కళ్లల్లో నిప్పులు పోసుకునే బతికాను.

ఆమె చేరింది. పొద్దున్న బడి, సాయంత్రం ఇల్లు, మిగిలిన వేళ చదువు. నా దగ్గర ఒక మంచి పుస్తకముండేది. అడిగితే లైబ్రరీకి ఇచ్చేశానని అబద్ధం చెప్పి పరుపు కింద పెట్టాను. నాలుగు రోజుల తర్వాత తీసి చూస్తే అందులో నాది కాని బస్సు టికెట్టొకటి ఉంది. మర్నాడు ఆ టికెట్టు ఇరవై పేజీలు ముందుకు జరిగింది. దుప్పట్లు మార్చేది ఆమే కదా! నేను కాలేజీకి వెళ్లగానే తీసి చదివి, మళ్లీ అక్కడే పెడుతోంది. నేనూ అనలేదు, ఆమె కూడా అనలేదు. పుస్తకం అయిపోయిన రోజున మాత్రం అన్నం వడ్డిస్తూ, "నీ పరుపు బలే సదువుకుందే ఆడబిడ్డా" అంది. అన్నయ్యకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

నా థీసిస్ మొత్తం చదివిన మనిషి ఇంట్లో ఆమె ఒక్కతే. నాకు పట్టా వచ్చిన రోజు వీధంతా లడ్డూలు పంచింది. సాయంత్రం నా పక్కన కూర్చుని, "బాగా రాసేవు. నిజం. ఆ సున్నాల సంగతి మాత్రం నాను రాత్తాను. నీ పేరెట్టే రాయాలి మరి. కోపగించుకోకు" అంది. వెనకాల రాయకుండా ముందే చెప్పింది చూడండి, అది మరీ మంట. "రాసుకో" అని లేచిపోయాను. వారం రోజులు మాట్లాడలేదు. ఆమె మాత్రం రోజూ నాతో మాట్లాడింది, నా వంతు జవాబులు కూడా తనే చెప్పుకుని నవ్వింది.

పెదకర్మ నాడు ఉప్పు ఊళ్ల నుంచి ఆడవాళ్లు పాసింజరు రైల్లో వచ్చారు. ఒకరు కాదు ఇద్దరు కాదు, మా వాకిలి పట్టలేదు. వాళ్ల గుమ్మాల్లో ఆమెకంటే ముందు నిలబడినదాన్ని నేను. ఒక్కరూ గుర్తుపట్టలేదు. ఒకావిడ నా గడ్డం పట్టుకుని, "నువ్వు మాస్టారమ్మ ఆడబిడ్డవేటమ్మా?" అని ఏడ్చింది. చచ్చిపోయిన మనిషి మీద కూడా అసూయ పడొచ్చని ఆరోజే తెలిసింది.

ఆ తర్వాత వారానికి గైడు మాస్టారు పిలిపించారు. వదిన సర్వేలో ఒక్క ఊరు మిగిలిపోయిందనీ, ఎవరైనా అది పూర్తి చేసి అధ్యాయాలు సరిచేస్తే, ఆమె పేరు మీద పట్టా ఇమ్మని యూనివర్సిటీని అడుగుతాననీ అన్నారు. "నీవల్లే అవుతుంది" అన్నారు. అన్నయ్య ఆమె కాగితాల సంచీ తెచ్చి నా గదిలో పెట్టి వెళ్లాడు.

మూడో అధ్యాయంలో నేనున్నాను. పేరుతో సహా. 'ఈ అధ్యయనంలో ఉప్పు గ్రామాల స్త్రీలు పని చేయనట్లు నమోదైంది. తప్పు చెప్పినవారిది కాదు, అడిగిన ప్రశ్నది' అని రాసింది. తిట్టలేదు, మెత్తగానూ చెప్పలేదు. నా ఆరేళ్లు రెండు వాక్యాల్లో కొట్టుకుపోయాయి. సంచీ కట్టేశాను. ఊరుకుంటే చాలు, అది ఎప్పటికీ బయటకు రాదు. నన్ను తప్పుపట్టేవాళ్లు కూడా లేరు.

అయినా ఎండలు ముదిరాక ఒకరోజు నౌపడ రైలెక్కాను. మంచితనంతో వెళ్లాననుకునేరు. ఆమె పనిలో ఎక్కడో ఒక తప్పు ఉండకపోదు, అది పట్టుకుందామనే వెళ్లాను.

దొరికింది కూడా. వదిన తన ప్రశ్నల కాగితంలో నా పాత ప్రశ్నను మొదట అలాగే ఉంచింది, పోల్చి చూడటానికి. నేను ఆ మిగిలిన ఊరి ఉప్పుమళ్ల గట్టు మీద కూర్చుని మొదటావిడను అడిగాను, "మీరు పని చేస్తున్నారా?" అని. "సేత్తన్నాను" అంది ఠక్కున. రెండో ఆవిడా అంతే. ఐదుగురిని అడిగాను. ఐదుగురూ బడిపిల్లలు పాఠం అప్పజెప్పినట్టు ఒకే మాట.

"అలా చెప్పమని ఎవరు చెప్పారమ్మా?" అన్నాను ఐదో ఆవిడతో. నడివయసు మనిషి. చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, మడిలోంచి అప్పుడే గట్టెక్కింది.

"ఇంకెవులు? మీ వదినే. పండక్కి పుట్టింటికొచ్చినప్పుడు సెప్పింది."

మా చదువులో ఇంతకు మించిన నేరం లేదు. అడిగేవాళ్లు జవాబు నేర్పకూడదు. నేర్పితే ఆ ఊరు ఊరంతా చెల్లదు. అంత తెలివైన మనిషీ, అంత పద్ధతైన మనిషీ, మొదటి పాఠంలోనే తప్పింది! ఈ ఒక్క మాట మాస్టారికి రాస్తే చాలు, నా సున్నాలూ ఆమె ఒకట్లూ సమానం.

"ఎందుకు చెప్పిందమ్మా అలాగ?" అన్నాను. గొంతులో సంతోషం దాచుకోలేకపోయాను.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ ఊరికి నాను రానే, మా ఆడబిడ్డని అంపుతాను అంది. 'పాపం దాని లెక్క ఒకపాలి తప్పిపోనాది. అందరి ముందరా దాని తప్పు నానే రాయాల్సొత్తంది. ఈపాలి దాని సేత్తోనే ఒప్పు రాయాల. మీరు నోరు మూసుక్కూకోకండే, పని సేత్తన్నాం అని సెప్పండే' అంది. అందుకే సెప్పేం. తప్పేటమ్మా?"

ఆఖరి ఊరు మిగిలిపోలేదు. నాకోసం మిగిల్చింది. నన్ను బతిమాలి పంపుదామనుకుంది కాబోలు, ఆ మాట నాతో అనేలోపే పోయింది. వీళ్లకు జవాబు నేర్పడం తప్పే, వదినా. నీ ముందైనా తప్పే అంటాను. కానీ ఆ తప్పు నాకోసం చేసిందే! తన మీద కుళ్లడానికి కూడా నాకు ఒక మూల మిగల్చలేదు. ఆ గట్టు మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. "ఓలమ్మ, ఏటమ్మా ఇది" అని ఆవిడ కంగారు పడింది.

కాసేపటికి మొహం కడుక్కుని, మొదటి ప్రశ్న మీద అడ్డంగా గీత గీశాను. పక్కన 'జవాబు ముందుగా చెప్పి ఉంచారు, ఈ ఊరికి లెక్కలోకి తీసుకోరాదు' అని రాశాను. దాస్తే ఆమే ఒప్పుకోదు. కింది ప్రశ్న ఎవరూ నేర్పింది కాదు. "నిన్న పొద్దున్న లేచి ఏమేం చేశావో చెప్పమ్మా" అన్నాను. ఆవిడ వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయింది. నేను ఒక్క ముక్క వదలకుండా రాసుకుని, చివరి గడిలో ఒకటి వేశాను.

"ఏదీ, సూపించు" అంది. కాగితం తిప్పి చూపించాను. ఒంగి ఆ ఒకటి మీద వేలు పెట్టింది.

"ఇది నాదా?"

"నీదే."

"మరి మీ వదినకి ఏసేవా?"

"ఇంకా లేదు. వెయ్యాలమ్మా. దానికే వచ్చాను" అన్నాను. అనేదాకా ఆ సంగతి నాకే తెలీదు.

ఆవిడ తల ఊపి, మళ్లీ మడిలోకి దిగి పలక అందుకుంది. నేను ఇంకో కాగితం తీశాను. చీలమండల లోతు నీళ్లలో ఆవిడ వెనక్కి అడుగులు వేస్తూ లాగుతోంది. లాగిన చోటల్లా ఉప్పు తెల్లగా గట్టువైపు జరిగి వస్తోంది.