ఎవురు? యాడ నుంచి? ఏం పని?

మా వరప్రసాదం మామ గడప దాటాలంటే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఎవురు? యాడ నుంచి? ఏం పని? దేవదూత దిగివచ్చి తలుపు తట్టినా మామ కిటికీ కడ్డీల్లోంచి ఈ మూడూ అడిగి తీరుతాడు. జవాబు నచ్చకపోతే దేవదూత తిరుగు బస్సు ఎక్కాల్సిందే. ఆత్మకూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఇరవై ఎనిమిదేళ్లు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలింది గానీ ప్రశ్నలు వదల్లేదు.

సొంత భార్యకైనా మినహాయింపు లేదు. సుకుమారత్త చర్చి నుంచి వచ్చి తలుపు తడితే లోపలి నుంచి గొంతు వినిపించేది.

"ఎవురు?"

"నీ పెళ్ళాన్ని."

"యాడ నుంచి?"

"నువ్వు ఎగ్గొట్టిన ప్రార్థన నుంచి."

"ఏం పని?"

"నీకు కూడు వండే పని. తీస్తావా, మా అన్న ఇంటికి పోయేదా?"

అప్పుడు గడియ కదిలేది.

తొంభై తొమ్మిదిలో మామ కంప్యూటర్ కొన్నాడు. నేను రోజూ ఉదయగిరి బడిలో లెక్కలు చెప్పి, సాయంత్రానికి ఆత్మకూరు చేరి, మామ ఇంటి పక్క గదిలో పడుకునేవాణ్ణి. కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో మామకు ఫైర్‌వాల్ దొరికింది. బయటి నుంచి ఎవరు కంప్యూటర్లోకి రాబోయినా అడ్డం నిలబడి, "ఫలానావాడు వచ్చాడు, రానివ్వనా?" అని యజమానిని అడిగే కాపలా ప్రోగ్రాం. మామ కళ్ళు చెమర్చాయి.

"చూసినావా రా దయా, కడాకు కంప్యూటర్ గూడా నా పద్ధతికే వచ్చినాది!"

ఆ రోజు నుంచి 'వద్దు' అన్న బొత్తాన్ని అరగదీశాడు.

ఇక నా గొడవ. మా అమ్మ శీనమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. ముఖం ఫోటోలో ఉంది, చేతిరాత బైబిలు అట్ట లోపల ఉంది, గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఒకరోజు ఉదయగిరి బస్సులో వస్తూ, అమ్మ నన్ను ఎలా పిలిచేదో గుర్తు తెచ్చుకోబోయాను. మాటలు వచ్చాయి, గొంతు రాలేదు. ఆత్మకూరు దాకా ప్రయత్నించాను. ఆమె పోయిన రోజు కూడా నాకంత దిగులు వేయలేదు.

సరిగ్గా అప్పుడే పూనాలో ఉద్యోగం చేసే మా పెద్దమ్మ కొడుకు పాల్ ఫోన్ చేశాడు. పద్దెనిమిదేళ్ల కిందట వాళ్ళ నాన్న చేజర్ల చర్చిలో రికార్డు చేసిన పాటల క్యాసెట్ పెట్టె అడుగున దొరికిందట. అందులో అమ్మ పాట ఉందట! పోస్టులో పంపరా అన్నాను. పగలు గదిలో ఉండను గనుక మామ చిరునామా ఇచ్చాను. ఏం వస్తుందని మామ అడిగితే "ఆఫీసు కాయితాలు" అన్నాను. ఇరవై ఎనిమిదేళ్లవాణ్ణి, అమ్మ గొంతు కోసం బెంగ పెట్టుకున్నానని చెప్పడానికి సిగ్గేసింది.

పార్సిల్ వచ్చింది. పోస్ట్‌మ్యాన్ సిద్ధయ్య మొదటి రెండు ప్రశ్నలూ దాటాడు. మూడోదానికి పార్సిల్‌ను చెవి దగ్గర ఊపి చూసి, "ఏందో లొడలొడ అంటుండాది సార్" అన్నాడు.

"కాయితాలు లొడలొడ అనవు" అని మామ తిప్పి పంపేశాడు. తిరిగి పూనా చేరేసరికి క్యాసెట్ అప్పడమైంది.

అదృష్టం కొద్దీ పాల్ ఆ పాటను ముందే తన గదిలోని స్నేహితుడి కంప్యూటర్లోకి ఎక్కించాడు. మెయిల్లో పట్టనంత ఫైలు. రెండు కంప్యూటర్లనూ నేరుగా కలిపి ఫైలు చేతికిచ్చే ప్రోగ్రాం ఒకటుంది, దాంట్లో పంపుతానన్నాడు. "శనివారం లోపల అయిపోవాల, అన్నా. వీడు కంప్యూటర్ మోసుకొని వాళ్ళ ఊరు పోతుండాడు. ఆనక నా చేతిలో లేదు" అని హెచ్చరించాడు.

ఆదివారం మామ కంప్యూటర్లో ఆ ప్రోగ్రాం ఎక్కించి, సోమవారం దాని ముందు కూర్చున్నాను. మోడెం కీచుమంది, ఇంటర్నెట్ ఇచ్చే నెల్లూరు నంబరు కలిసింది, తెర మీద పాల్ పేరు వెలిగింది. ఫైలు సున్నా శాతం దగ్గర మొదలై, అరగంట సున్నా దగ్గరే కాపురం పెట్టింది. మంగళవారం తీగ మార్చాను. సున్నా. బుధవారం ప్రోగ్రాం పీకి మళ్ళీ వేశాను. నువ్వు పంపొద్దు, నేనే లాక్కుంటానన్నాను. అప్పుడూ సున్నాయే. ఇక అనుమానం ఫైర్‌వాల్ మీదికి పోయింది.

"మామా, ఒక్క అరగంట దాన్ని ఆపేదా?"

"చుట్టాలొస్తుండారని ఇంటికి తలుపు ఊడబెరికి పక్కన పెడతామా?"

గురువారం సాయంత్రం మళ్ళీ పాల్‌ను కలిపి, మామ స్నానానికి వెళ్ళిన సందు చూసి దాని జాబితా తెరిచాను. ఎవరెవరిని రానివ్వకూడదో అందులో రాసి ఉంటుంది. మొదటి పేరు మా ప్రోగ్రాందే. ఒకసారి వద్దనడమే కాక, 'మళ్ళీ అడగొద్దు' అన్న గడిలో టిక్కు కూడా పెట్టి ఉంది. అందుకే అది నాతో ఒక్క మాటైనా చెప్పకుండా మూడు రోజులు పాల్‌ను గుమ్మంలో నిలబెట్టింది.

వెనక్కి తిరిగితే తువ్వాలు చుట్టుకొని మామ.

"ఎందుకు వద్దన్నావు మామా?"

"పూనా నుంచి ఆఫీసు కాయితాలంటివి. లెక్కలు చెప్పుకొనేవోడివి, నీకు పూనాలో ఆఫీసు యాడిదిరా? నువ్వు అది ఎక్కించి పోయినాక, రానివ్వనా అని ఫైర్‌వాల్ నన్నడిగితే వైరస్ అనుకున్నా."

"నన్ను అడిగుండొచ్చు గదా!"

"అడిగినా. నువ్వు అబద్ధం జెప్పినావు."

మామ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు. ఎవురు?"

"అమ్మ" అన్నాను.

"యాడ నుంచి?"

"చేజర్ల చర్చి నుంచి. పాట పాడేదానికి."

మూడో ప్రశ్న అడగలేదు. తడి తలతోనే టిక్కు తీసేసి, 'రానివ్వు' బొత్తం కోసం తెరంతా వెతికాడు పాపం, దాంతో ఎన్నడూ పని పడలేదు మరి. ఫైలు కదిలింది. ఒకటి, రెండు, ఏడు. నలభై నిమిషాలకు నూరైంది. నేను తెరవబోతే మామ నా చెయ్యి తోసేసి, పాస్‌వర్డ్ పెట్టి తాళం వేశాడు.

"పాట ఆదివారం ఇందువు గాని, పో."

గదికి పోయి తలుపు వేసుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. సుకుమారత్త కంచంలో అన్నం పట్టుకొని వచ్చి మంచం మీద కూర్చుంది.

"కోప్పడబాకరా. ఆయన కొత్తగా చేరినప్పుడు ఒకామెకు ట్రంకాల్ వస్తే ఏమీ అడక్కుండా కలిపినాడు. మొగుడు పోయినాడని కబురు. ఆమె ఫోను పట్టుకొని కూలబడితే పక్కన పట్టుకొనే మనిషి లేడు. ఈయన లైన్లో ఆమె ఏడుపు ఇంటా కూర్చున్నాడు, లేసి పోయే వీల్లేదు. అప్పుటి నుంచి ఏం పని అని అడక్కుండా ఏ ఫోనూ కలపలా. చెడు కబురైతే ముందు పక్కింటోళ్ళని పంపించి, వాళ్ళు పోయి కూర్చున్నాకనే కలిపేవాడు."

"ఇది చెడు కబురు కాదు గదత్తా."

"అమ్మ గొంతురా. ఒక్కడివే ఇంటే తట్టుకోలేవు."

మామ శుక్రవారం చేజర్ల బస్సెక్కాడు, శనివారం జలదంకి బస్సెక్కాడు. ఆదివారం ఆరాధన అయ్యేసరికి చేజర్ల నుంచి మా నాయన వెంగయ్య, జలదంకి నుంచి చెల్లెలు జెస్సీ మామ ఇంట్లో ఉన్నారు. నాయన గడ్డం గీయించుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు. మామ నన్ను వాళ్ళిద్దరి నడుమ కూర్చోబెట్టి, మంచినీళ్ళ చెంబు అందేలా పెట్టి, అప్పుడు పాస్‌వర్డ్ కొట్టాడు.

కాసేపు గరగర. తర్వాత హార్మోనియం. ఆ తర్వాత అమ్మ.

నేను బస్సులో వెతికి వెతికి వేసారిన గొంతు మొదటి మాటకే వచ్చేసింది. కొంచెం జీర, పై స్థాయిలో చిన్న వణుకు, అంతా అలాగే ఉంది. జెస్సీ నా చెయ్యి పట్టుకుంది. నాయన నేల చూపులు చూస్తున్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు.

రెండో చరణం మధ్యలో పాట ఆగింది. హార్మోనియం దాని దారిన అది పోతూనే ఉంది. అమ్మ గొంతు, పాటలోని తీపి కాస్తా పోయి, ఖంగుమంది:

"రేయ్ దయా! ముక్కు తుడుచుకోరా, పాస్టరయ్య చూస్తుండాడు!"

మళ్ళీ ఏమీ ఎరగనట్టు పాట అందుకుంది. నాయన పగలబడి నవ్వాడు. రెండేళ్లలో ఆయన నవ్వగా చూడడం అదే మొదలు.

మామ జేబులోంచి రుమాలు తీసి నా ఒళ్ళో పడేశాడు.

"చెప్తుండాది గదరా. తుడుచుకో."