ట్రాలీ తోక ఊగిన పెళ్లి ప్రయాణం

మరణవార్తను ప్రకటించునప్పుడు మొదట పరమపదించినవారి పేరు, పిమ్మట హోదా, చివర సమాజానికి కలిగిన లోటు పేర్కొనడం పద్ధతి. మా ఎదురింటి మామ విషయంలో ఈ క్రమం కుదరదు. ఆయనను పేరుతో పిలిచినవారు లేరు. హోదా, ట్రాక్టరు డ్రైవరు. లోటు మాత్రం మా ఇంటిల్లిపాదికీ ఉంది. మొన్న సోమవారం ఉదయం ధర్మవరంలో, తన ఇంటి అరుగు మీదే ఆయన కన్నుమూశాడు.

బయలుదేరే ముందు ట్రాలీని ట్రాక్టరుకు తగిలించిన కొక్కెం మీద నిలబడి, రెండుసార్లు ఊగి చూడడం ఆయన అలవాటు. కొక్కెం తేలికగా తోస్తే, వెనుక బరువెక్కి ట్రాలీ ఊగుతుందని, వేరుశనగ మూటలనైనా, మనుషులనైనా ముందుకు జరిపించేవాడు.

డెబ్బైల చివర మా చెల్లెలి పెళ్లికి ఆయన ట్రాలీలోనే హిందూపురం బయలుదేరాం. ఆసనాల జాబితా నేను తయారుచేశాను. ముందు కూర్చుంటే ట్రాక్టరు పొగ తగులుతుంది కనుక పెద్దలందరికీ వెనుక వరుస కేటాయించాను. వారితోపాటు ఇత్తడి గంగాళాలు. ముందు పెళ్లికూతురు, పిల్లలు.

మామ కొక్కెం ఎక్కి దిగాడు. "ఏమప్పా, బరువంతా తోకకు పెడితివే!"

"మర్యాద మామా. పెద్దోళ్లను పొగలో కూచోబెట్టేదెట్లా?"

"మర్యాదకు బ్రేకులుండవప్పా. సరే, నీ ఇంటి పెళ్లి."

పెనుకొండ దగ్గర వాలులో ట్రాలీ ఊగడం మొదలైంది. నేను ట్రాక్టరు మడ్‌గార్డు మీద వెనక్కి తిరిగి కూర్చున్నాను. కాళ్ల పక్కన పెద్ద చక్రం, ఎదురుగా ఊగే ట్రాలీ. దూకడానికి చోటు లేదు, చూపు తిప్పుకోవడానికి ధైర్యం లేదు. చెల్లెలి ముఖం ఎడమకు పోయి, కుడికి వచ్చి, ప్రతిసారీ మరింత దూరం పోతోంది. నన్నే చూస్తోంది.

"బ్రేకు తొక్కురా!" అని వెనుక నుంచి పెదనాయన.

"తొక్కు మామా!" అని నేను.

"నోరు మూసుకోప్పా. తొక్కితే ట్రాక్టరు నిలబడతాది, ట్రాలీ నిలబడదు. మన మిందికొస్తాది."

ఆయన స్టీరింగును నిటారుగా పట్టుకొని, గేరు కదపకుండా, వేగాన్ని కొంచెం కొంచెంగా తగ్గించాడు. ఆ వాలు ఎంతసేపు సాగిందో నాకు తెలియదు. చదునుకు వచ్చాక ఊపు దానంతట అదే చచ్చింది.

బండి ఆపగానే పెదనాయన దిగి అడిగాడు. "ఇట్లా కూచోబెట్టిందెవురు?"

జాబితా నా జేబులో ఉంది. దాన్ని ఇంకా లోపలికి తోశాను.

"నేనేలే అన్నా, తప్పు నాదే," అన్నాడు మామ. "ఇంగ నువ్వు ముందరికి రా."

"పెండ్లిపెద్దను, నన్ను పొగలోకా?"

"పెద్దోడివనే కదన్నా పిలుస్తాండేది. నీ అంత బరువు ఇంకెవురికుండాది?"

చెల్లెలు నవ్వింది. ఆ నవ్వు వినే దాకా నేను మడ్‌గార్డు దిగలేకపోయాను. హిందూపురంలో మగపెళ్లివారు పన్నీరు పట్టుకొని ఎదురొచ్చేసరికి, తెల్లని పంచెలలో నల్లని ముఖాలతో మా పెద్దలు వరుసగా దిగారు.

ఆ జాబితా ఎవరిదో మామ చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. నేడు నేనే చెబుతున్నాను. తదనుగుణంగా మా వంశానికి ఈ ఉత్తర్వు జారీ చేయడమైనది: ప్రయాణములందు గౌరవమును కిలోలలో తూచవలెను. అత్యంత గౌరవనీయులు పొగగొట్టమునకు అత్యంత సమీపమున ఆసీనులు కావలెను. వాహనమునకు పొగ లేనిచో, పొగ ఏర్పాటు చేయవలెను. ఇదే అంతిమం.