కంప్యూటర్‌కి చెరువు వైద్యం

భీమవరం దగ్గర ముప్ఫై ఏళ్లుగా రొయ్యల చెరువులు చేస్తున్నాను. ఒక మందుకి జబ్బు తగ్గకపోతే మూడు కలిపి చల్లడం మాకు మామూలే. మొన్న కంప్యూటర్ తెరనిండా ప్రకటనలు వచ్చిపడుతుంటే, అలాగే మూడు ఉచిత యాంటీవైరస్‌లు ఎక్కించాను. మర్నాడు నా బ్యాంకు ఖాతాలోకి ఎవరో చొరబడబోయారని ఫోన్‌కి మెసేజ్! వెంటనే కోడల్ని పిలిచాను.

కోడలు ముందు ఇంటర్నెట్ వైరు పీకింది. తన ఫోన్‌లో నా బ్యాంకు పాస్‌వర్డ్ మార్పించి, కంప్యూటర్ చూసింది.

“మావయ్యగారూ, ఈ మూడోది మందు కాదండీ, జబ్బే. మీరు కొట్టే ప్రతి అక్షరం ఎవరికో పంపుతోంది.”

“అంటే దొంగని కాపలా పెట్టానా?”

“జీతం వద్దన్నప్పుడే అనుమానించాలి కదండీ!”

మూడూ తీసేసి, కంప్యూటర్‌తో వచ్చిన రక్షణ ఒక్కటే ఉంచింది. ఇప్పుడు ఏది ఎక్కించాలన్నా పాస్‌వర్డ్ కావాలి. అది కోడలికే తెలుసు. నా కంప్యూటర్‌కి నేనే అర్జీ పెట్టుకోవడం అన్యాయమే. కానీ దొంగకి తలుపు తీసింది నేనే కాబట్టి నోరెత్తలేకపోతున్నాను.