వంటింట్లో సర్వర్

అప్పట్లో ఇది రాద్దామన్నా నాకు అక్షరాలు రావు. అరవై దాటాక మా వీధి చర్చి హాల్లో సాయంత్రం క్లాసులకు వెళ్లి నేర్చుకున్నాను.

మా అబ్బాయికి పోర్టులో ఉద్యోగం. వాడు ఎవరో వద్దనుకున్న పాత కంప్యూటరు ఒకటి ఇంటికి తెచ్చి, దాన్ని సర్వర్ అన్నాడు. ఇంట్లోవాళ్ల ఫొటోలు, పాటలు, సినిమాలు అన్నీ అందులో దాచేవాడు. అది రాత్రీ పగలూ ఆడుతూనే ఉండాలట. దాన్ని నడిపించే ప్రోగ్రాము మాత్రం లోపల లేదు, వెనక గుచ్చిన బొటనవేలంత పెన్‌డ్రైవులో ఉండేది. మొదట్లో మా ఇంటి ముందుగదిలో ఉన్నప్పుడు మనవరాలు దాన్ని పీకేసింది, కంప్యూటరు ఆగిపోయింది. దాంతో పిల్లలకు అందకుండా నా వంటింట్లో, పొయ్యి పైనున్న అలమరలోకి ఎక్కించాడు.

"కొన్నాళ్లేనమ్మా. పెన్‌డ్రైవులో ఉన్నది లోపలి డిస్కులోకి ఎక్కించేత్తే దీన్ని ఎక్కడైనా ఎట్టుకోవచ్చు. అప్పుడు తీసెత్తాను."

ఆ కొన్నాళ్లు రెండేళ్లయ్యాయి. పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గుపొడి పడకుండా దానికి నా పాత లంగా కప్పాడు. లోపల వెచ్చన, చీకటి. బొద్దింకలు కాపురం పెట్టాయి. తడి తగులుతుందని గోడలు కడగనిచ్చేవాడు కాదు. నూనెపొగ పడుతుందని చేపలు వేయించనిచ్చేవాడు కాదు. నా వంటిల్లు నాది కాకుండా పోయింది. గోడమీద చెయ్యి వేస్తే జిగురు.

ఒక ఆదివారం చేపల పులుసు మూత తీశాను. లంగా అంచు నుంచి బొద్దింక ఒకటి జారి అందులో పడి, మీసాలాడిస్తూ ఈదింది. గిన్నె తీసుకెళ్లి వాడి ముందు పెట్టాను.

"తిను. నీ సర్వరే వడ్డించింది."

"ఛీ! ఏటమ్మా ఇది!"

"ఇయ్యాల ఆ డిస్కులోకి ఎక్కించే పని అయిపోవాల. ఆ డబ్బా బయటికెళ్లాల. నేకపోతే నాను పొయ్యి ఎలిగించను."

మా ఆయన కుర్చీలోంచి కదలకుండానే, "సేసెయ్‌రా బాబూ, ఆకలేత్తంది," అన్నారు.

అబ్బాయి డబ్బా దించి మూత విప్పాడు. ఫ్యాను రెక్కల మీద నూనే బొగ్గూ కలిసి తారులా పేరుకున్నాయి. మూలమూలలా బొద్దింక గుడ్లు. ఎండిన బల్లి ఒకటి తీగలకు అతుక్కుని ఉంది. వాడు ముక్కు మూసుకుని బ్రష్షు నా చేతిలో పెట్టబోయాడు.

"కొంచెం తుడిసెట్టమ్మా."

"నీకు సిన్నప్పుడు కడిగింది సాలు. ఇది నువ్వే తుడుసుకో."

ఓకరిస్తూనే తుడిచాడు. తర్వాత పెన్‌డ్రైవులోదంతా డిస్కులోకి ఎక్కించి, ఇకనుంచి అక్కణ్నుంచే మొదలయ్యేలా ఏవేవో మార్చాడు. సాయంత్రమైంది. పెన్‌డ్రైవు పీకేసి స్విచ్చి వేశాడు. నేనూ ఊపిరి బిగబట్టి చూశాను. తెరమీద అక్షరాలు పరుగెత్తాయి. కంప్యూటరు లేచింది. నాకు నిజంగానే సంతోషం వేసింది.

వాడు మూత బిగించి, దాన్ని ఎత్తి మళ్లీ అదే అలమరలో పెట్టాడు. లంగా దులిపి కప్పాడు.

"ఇదేట్రా?"

"ఇంక ఎవరి సెయ్యి తగిలినా బయం లేదు కదమ్మా. ఇక్కడే ఉండనీ. తీగలన్నీ మళ్లీ లాగాలంటే సానా పని."

ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. రోత బొద్దింకల మీద కాదు.

మర్నాడు పొద్దున్న వాడు డ్యూటీకి వెళ్లాడు. వాడు కంప్యూటరు ఎలా ఆపుతాడో చాలాసార్లు చూశాను. అలాగే మీట నొక్కి, దీపాలు ఆరిపోయేదాకా ఉండి, తీగలన్నీ పీకాను.

"ఆడు తిడతాడే," అన్నారు మా ఆయన.

"తిట్టనీండి. మీరు ఆ పక్క పట్టండి."

ఇద్దరం మోసుకెళ్లి వాడి మంచం మీద, తలగడ పక్కన పెట్టాం. లంగాను చెత్తలో పారేశాను. కుచ్చిళ్లు ఎగదోపి, స్టూలెక్కి, పైకప్పు దగ్గర్నుంచి సబ్బునీళ్లతో గోడలు కడిగాను. నల్లటి నీళ్లు గడప దాటి కాలవలోకి పోతున్నా ఆపలేదు.